తంపర అని రాయండి

రంగూన్‌లో పజుండాంగ్ వాగు ఒడ్డున బియ్యం మిల్లుల్లో గోనె సంచులు కుట్టే ఆడవాళ్ళందరిలోకీ దేముడమ్మకు నోరెక్కువని పేరు. అది పూర్తిగా నిజం కాదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కలిపినా ఆవిడ పట్టుమని పాతిక మాటలు మాట్లాడేది కాదు. కాకపోతే ఆ పాతికా ఎదుటివాడు వినకూడదనుకున్నవే అయ్యుండేవి. ఒకసారి కుట్టు వంకరగా ఉందని మిల్లు గుమాస్తా అంటే, "వొంకర కుట్లో నేదు బాబూ, తమరు పక్కకి ఒరిగి సూత్తన్నారు" అని తన పని తాను చేసుకుపోయింది. గుమాస్తా నిజంగానే నిటారుగా నిలబడి మళ్ళీ చూశాడట. ఆ ముచ్చట మిల్లులో చాలా ఏళ్ళు నడిచింది.

పదిహేనో ఏట పెళ్ళయి, పదహారో ఏట మొగుడితో ఓడెక్కి రంగూన్ వచ్చింది. వాళ్ళది శ్రీకాకుళం దగ్గర సముద్రం వైపు పల్లె. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళు నిలిచే పల్లపు నేలని అక్కడ తంపర అంటారు. మొగుడు కూర్మనాథం తాతముత్తాతలు ఆ తంపరలోనే కాలవలు తీసి, గట్లు పోసి, తిండి పండించుకున్నవాళ్ళు. ఆ నేల చేతులు మారిపోయాక మిగిలింది వలస ఒక్కటే. వెంకటరాజు మేస్త్రీ కట్టిన జట్టులో చేరి సముద్రం దాటారు. ఊళ్ళ నుంచి కూలీలను తెచ్చి మిల్లులకు అప్పజెప్పి, వాళ్ళ బసకీ బతుక్కీ పెత్తనం చేసేవాడు మేస్త్రీ. రంగూన్‌లోని లమ్మడా పేటలో ఒక మేడ మీద గదిలో మూడు కాపురాల మధ్య గోనెపట్టాలు కట్టి, ఒక మూల వీళ్ళకిచ్చాడు.

కూర్మనాథం భార్యకి పూర్తిగా ఎదురు. మాటకారి, మెత్తనివాడు, ఎవరు ఏం చెప్పినా తలూపేవాడు. ఆ తలూపడమే 1917లో కొంప ముంచింది. ఫ్రాన్సులో యుద్ధానికి మట్టి పని చేసే కూలీల దండు కడుతున్నారని, తన బసలోని మగవాళ్ళ పేర్లు కొన్ని మేస్త్రీ రాయించేశాడు. అందులో కూర్మనాథం పేరు కూడా ఉంది. దేముడమ్మకి తెలిసేసరికి వేలిముద్ర పడిపోయింది.

ఆవిడ మెట్లు దిగి వెళ్ళి మేస్త్రీ ముందు నిలబడింది.

"నన్నడక్కుండా నా మొగుడి పేరెలాగ రాయించారు తమరు?"

"తుపాకీ పట్టక్కర్నేదే. మట్టి తవ్వడవే. తవ్వడం ఆడికి తెల్సిన పనే కదేటి" అన్నాడు వెంకటరాజు.

"తవ్వడం తమకీ తెల్సు. ఎదుటోల్లకి గోతులు తమరే కదా తవ్వేది. తమరే ఎల్లండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. వెంకటరాజు నవ్వలేదు. ఆ నెలాఖరుకే కూర్మనాథం ఓడెక్కాడు.

రెండేళ్ళ తరువాత తిరిగొచ్చాడు. ఒంటి మీద మోకాళ్ళ దాకా వేలాడే ఉన్ని కోటు, గుండెల్లో తగ్గని దగ్గు. ఇంకా ఏం తెచ్చావని ఎవరైనా అడిగితే, "పేర్లు తెచ్చేన్రా" అనేవాడు.

దండుని దించింది ఫ్రాన్సు ఉత్తరపు కొసన, సముద్రానికి దగ్గర్లో. చూసిన మొదటి రోజే అతనికి ఒళ్ళు జల్లుమందట. కనుచూపు మేర పల్లం, నేలను గళ్ళుగళ్ళుగా కోసిన కాలవలు, ఆ కాలవల్లో సన్నటి పడవలు, పడవల నిండా క్యాబేజీలు. బాంబులకి పూడిపోయిన కాలవలు మళ్ళీ తవ్వడం వీళ్ళ పని. ఆ పొలం ఒక ముసలామెది. అందరూ మాదాం అని పిలిచేవారు. కొడుకులిద్దరూ యుద్ధంలో పోయారు. కూర్మనాథం గట్టు పోసే తీరు చూసి ఆవిడ తన పార అతనికిచ్చి, పక్కన నిలబడి చూసేదట. దండులో యానాం నుంచి వచ్చిన దుబాసీ ఒకడుండేవాడు. ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో పుట్టినవాడు కాబట్టి వాడికి ఆ భాష వచ్చు. ముసలామె చెప్పేవన్నీ వాడు తెలుగులో చెప్పేవాడు.

"తంపరే దేముడూ. అచ్చంగా మన తంపరే" అనేవాడు కూర్మనాథం, గోనెపట్టా పక్కన గోడకి జారగిలబడి. "ఊరి పేరేటో తెల్సా? బూర్‌బూర్. తంపరలో కోట అనట అర్దం. పక్కూరు బ్రూకెర్కు. అంటే తంపరలో గుడి. ఇంకా దిగువకి ఎల్తే బ్రే అని ఊరుంది. బ్రే అంటే ఏటి? బురద. ఉత్త బురద. ఊరికి బురద అని పేరెట్టీసుకుని, రోడ్డు మీద పలక మీద రాసీసుకున్నారు. పాల్యుయెల్లు అనొకటి. అదీ అంతే, ఊబినేల."

"సిగ్గుండదా ఆల్లకి?" అని అడిగింది దేముడమ్మ, మిల్లు నుంచి తెచ్చిన సంచి కుడుతూ.

"సిగ్గెందుకే. నీటిని తోసి నేల తీసింది ఆలే కదా. మాదాం ఏటన్నాదో తెల్సా? కొండ మీద ఊరు దేముడిచ్చింది, మా ఊరు మేం సేసుకున్నాం అన్నాది."

దేముడమ్మ దారం పంటితో కొరికింది. ఆ మాట మాత్రం లోపలికి దిగిపోయింది.

ముసలామె దెయ్యాల కథలు కూడా చెప్పేదట. కాలవల్లో మారి అని ఒక నీటి దెయ్యం ఉంటుందని, దాని చేతిలో పొడుగాటి కొక్కెం ఉంటుందని, గట్టంచుకి వెళ్ళిన పిల్లల్ని ఆ కొక్కెంతో లాక్కుపోతుందని తల్లులు బెదిరిస్తారట. మునిమాపు వేళ బురద మీద నీలంగా ఎగిరే మంటలుంటాయట. మన కొరివిదెయ్యం లాంటివే. వాటి వెంట పోయినవాడు ఊబిలో దిగిపోతాడు. దానికి విరుగుడు ఒకటే. నేలలో సూది గుచ్చి పెట్టాలి. సూది కనబడితే ఆ మంట బెజ్జంలోంచి దూరకుండా ముందుకు పోలేదట. దూరదు, దూరలేదు, అలాగే యాతన పడుతుంటుంది. ఈలోగా మనిషి ఇంటికి పోవచ్చు.

"ఇదే బాగుంది" అంది దేముడమ్మ. మొగుడు తిరిగొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఆ మేడ మీద గదిలో గాలి లేదు. కూర్మనాథం దగ్గు రోజురోజుకీ ఎక్కువయింది. 1920 ఎండాకాలంలో ఇద్దరూ రైలు కట్ట వెంట ఇన్సేన్ వైపు నడిచి, ఎవరికీ అక్కర్లేని ఒక పల్లం దగ్గర ఆగారు. తుంగ, నాచు, నడుం లోతు బురద, అక్కడక్కడా బాతులు. బాతులు డా మ్యా అనే బర్మా ముసలామెవి. బర్మావాళ్ళు పెద్ద ఆడవాళ్ళని గౌరవంగా డా అని పిలుస్తారు. ఆవిడ గట్టు మీద వెదురు గుడిసెలో ఒంటరిగా ఉండేది. కూర్మనాథం పంచె ఎగగట్టి బురదలోకి దిగి, గుప్పెడు తీసి వాసన చూసి, "పండుద్ది" అన్నాడు.

వాళ్ళు చేసింది మొగుడి తాతలు చేసిందే, మాదాం తాతలు చేసిందే. కాలవ తవ్వడం, తీసిన బురద పక్కన పోయడం, వెదురు తడికతో అంచు కట్టడం, మళ్ళీ తవ్వడం. రెండు వానలకి బురద మీద ఆరు పొడుగాటి మడులు తేలాయి. కాలవలో బర్మావాళ్ళు ఇష్టంగా తినే తూటికూర, మడుల మీద గోంగూర, తోటకూర. దేముడమ్మ పొద్దున్నే కూర తట్ట నెత్తిన పెట్టుకుని లత అనే పేట వీధుల్లో అమ్మి, అటునుంచి మిల్లుకి వెళ్ళేది. కూర్మనాథం దగ్గుతూనే తవ్వేవాడు. ఆ నేలని తంపర అనేవాడు. చూసి చూసి లమ్మడా బసల నుంచి ఒక్కో కాపురమూ వచ్చింది. మొదట వచ్చింది మిల్లులో దేముడమ్మ పక్కన కూచుని కుట్టే తులసమ్మ, ఆవిడ మొగుడూ. 1922 నాటికి పదకొండు గుడిసెలయ్యాయి. పిల్లలు కాలవ అంచుకి వెళ్తే తల్లులు "కొక్కెం మారి లాగీసుద్ది" అని అరిచేవారు. ఫ్రాన్సు దెయ్యం అలా రంగూన్ చేరింది.

ఆ ఏడు శ్రావణంలో కూర్మనాథం పోయాడు. మూడేళ్ళ బాధ మూడు రోజుల్లో ముగిసింది. కర్మలైన మర్నాడు వెంకటరాజు మేస్త్రీ గొడుగేసుకుని గట్టు మీదికొచ్చాడు.

"వొంటరి ఆడదానివి, ఈ రొంపిలో ఏటి సేత్తావు? వచ్చే ఓడకి మీ ఊరు పంపించీసే పూసీ నాది" అన్నాడు.

"మా ఊరు ఇదే."

"ఇది ఊరేటే? బాతుల గుంట."

"పన్నెండు గుడిసెలున్నాయి, బాతులోల్లతో కలిపి. తమకి ఎన్నుంటే ఊరు?"

వెంకటరాజు చుట్టూ చూశాడు. నిజానికి ఆయన చూస్తున్నది గుడిసెలు కాదు, గట్టిపడిన నేల. మడుల వల్ల పల్లం సగం ఆరింది. రైలు కట్టకి దగ్గర. కూలీల బసలు కట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పైగా తన బసల్లోంచి పది కాపురాలు జారిపోయి ఇక్కడ తేలాయి. పెత్తనం పోయిన బాధ ఆయనకు పంటి కింద రాయిలా ఉంది.

రెండేళ్ళు ఊరుకున్నాడు. 1924 చలికాలంలో పుకారు మొదలైంది. తంపర మీద కొరివిదెయ్యాలు తిరుగుతున్నాయని, కూర్మనాథం ఫ్రాన్సులో చచ్చిన సైనికుల ఆత్మల్ని వెంటేసుకొచ్చాడని, అతను పోయింది కూడా అందుకేనని మిల్లుల్లో చెప్పుకున్నారు. తరువాత మంటలు కనబడ్డాయి. పొద్దు కుంకి చీకటి పడుతుండగా, దూరంగా తుంగ వెనకాల ఒక వెలుగు లేచి, అటూ ఇటూ ఊగి, ఆరిపోయేది. మూడు రోజులు వరసగా కనబడేసరికి రెండు కాపురాలు సామాన్లు కట్టుకుని బసకి తిరిగి వెళ్ళిపోయాయి. తులసమ్మ మొగుడు కూడా తట్టలో గిన్నెలు సర్దడం మొదలెట్టాడు.

తులసమ్మ ఏడుస్తూ వచ్చి దేముడమ్మ గుమ్మంలో కూలబడింది. "నానెల్లనంటే వొదిలీసి పోతానంతన్నాడు."

దేముడమ్మ సంచి కుట్టే దబ్బనం చూరులోంచి తీసింది. జానెడు పొడుగు, బెజ్జం మినపగింజంత. "నీ దబ్బనం కూడా తే" అంది. తరువాత గుడిసె గుడిసెకీ వెళ్ళి, ఉన్న ప్రతి ఆడదాని చేతా దబ్బనం పట్టించింది. అందరూ గోనెలు కుట్టేవాళ్ళే కాబట్టి దానికి కొదవ లేదు. సాయంత్రం పొద్దు వాలేసరికి తూర్పు గట్టు పొడుగునా తొమ్మిది దబ్బనాలు బురదలో నిలువుగా గుచ్చి ఉన్నాయి. ఒక్కో దబ్బనం వెనక ఒక్కో ఆడది కూచుంది. డా మ్యాకి సంగతి సగమే అర్థమయింది. అయినా చుట్ట వెలిగించుకుని ఆ చివర కూచుంది.

"దెయ్యం రానీ. ఏ బెజ్జంలో దూరుద్దో సూద్దాం" అంది దేముడమ్మ.

మొదట నిజంగానే ఒక మంట లేచింది. చచ్చిన పశువుల్ని పడేసే పాత గోతి దగ్గర, నీలంగా, అరచేతి కంటే చిన్నది. శబ్దం లేదు, కదలిక లేదు.   భయం వెయ్యలేదని దేముడమ్మ తరువాత ఎప్పుడూ చెప్పలేదు. కానీ లేచి, మడి మీదుగా ఆ మంట వైపు నడిచింది. నాలుగడుగులుండగానే అది ఉఫ్‌మని ఆరిపోయింది. కుళ్ళిన నేల వాసన తప్ప అక్కడ ఏమీ లేదు.

"ఇది తంపర ఊపిరి. మా మావ సెప్పీవోడు" అని వెనక్కి తిరిగి చెప్పింది. "దీన్తో మనకి పేచీ నేదు."

అప్పుడే తుంగ వెనకాల రెండో వెలుగు లేచింది. అది పచ్చగా, ఎత్తుగా ఉంది, ఊగుతోంది. గాలి ఇటువైపే వీస్తోంది. దేముడమ్మ ముక్కుకి కిరసనాయిలు కొట్టింది.

ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, గుడిసె గోడకానించిన నాచు లాగే కొక్కెం తీసుకుంది. రెండు బారల వెదురుకి కట్టిన ఇనప వంకీ అది. కాలవ అంచునే వంగి నడిచింది. కాగడా పట్టుకున్నవాడు మడుల మీద చూపు పెట్టి ఊపుతున్నాడు గానీ కాళ్ళ కింద చూసుకోలేదు. దేముడమ్మ కొక్కెం అతని పంచెకి తగిలించి ఒక్క లాగు లాగింది. కాగడా ముందు పడింది, మనిషి తరువాత పడ్డాడు. పీకల దాకా బురదలో దిగబడి, "అమ్మా, మారీ, కొక్కెం మారీ, వొదిలీ తల్లీ" అని ఒకటే కేక. పుకారు పుట్టించినవాడికే ఆ పేరు అంత బాగా తెలిసి ఉండడం చూసి ఆడవాళ్ళకి నవ్వాగలేదు.

వాడు చిన్నబాబు, మేస్త్రీ బసకి కాపలా మనిషి. కొక్కెంతోనే ఒడ్డుకి లాగారు. తులసమ్మ నీళ్ళు పోసింది. దేముడమ్మ వాడికి పొడి పంచె ఇచ్చింది. అది కూర్మనాథానిది.

"ఎల్లి మీ బాబుకి సెప్పు. ఈసారి తనే రమ్మను" అంది. "దెయ్యాలకి కిరసనాయిలు కంపు రాదని కూడా సెప్పు."

వెళ్ళిపోయిన రెండు కాపురాల్లో ఒకటి మర్నాడే వచ్చేసింది. రెండోది రాలేదు. పోయినవాళ్ళకి సిగ్గేసిందని తులసమ్మ అంది. ఆ మడులు కలుపెక్కిపోయాయి.

దెయ్యాలతో అవనిది వెంకటరాజు కాగితంతో మొదలెట్టాడు. పట్టణం పెరుగుతోంది, పల్లాలన్నీ పూడ్చి రోడ్లు వేస్తారని సర్వే జరుగుతోంది. 1925లో ఆ పల్లాన్ని ఖాళీ ఊబినేలగా పటంలో చూపించారు. ఖాళీ నేల కాబట్టి బసలు కట్టుకుంటానని మేస్త్రీ అర్జీ పెట్టుకున్నాడు. అభ్యంతరాలుంటే ఫలానా రోజు కచేరీకి వచ్చి చెప్పుకోమని రైలు కట్ట పక్క స్తంభానికి ఇంగ్లీషులో కాగితం అంటించి పోయారు. తంపరలో దాన్ని చదివేవాళ్ళు లేరు. అది ఏమిటో చెప్పింది ఆల్బర్టు. తెలుగు బాప్టిస్టు కుటుంబం కుర్రవాడు, ఆ కచేరీలోనే గుమాస్తా, ఆదివారాలు దేముడమ్మ దగ్గర గోంగూర కొనేవాడు.

"అమ్మా, నీకు అక్కడ మాట్లాడ్డానికి ఏమైనా ఉందా? పత్రం, పట్టా, ఏదో ఒకటి?" అని అడిగాడు.

"మాటుంది" అంది.

కచేరీకి పదిమంది ఆడవాళ్ళు వెళ్ళారు. మిల్లులో ఆ పూట పని పోయింది. బల్ల వెనక ఒక దొర, పక్కన పటం విప్పుకుని బర్మా సర్వేయరు, ఇవతల కుర్చీలో వెంకటరాజు. దొర ఇంగ్లీషు, వీళ్ళ తెలుగు రెండూ ఆల్బర్టే ఇటూ అటూ చెప్పాడు.

"పటంలో అక్కడ ఊరనేది లేదు" అన్నాడు దొర.

"మేం ఉన్నాం" అంది దేముడమ్మ.

"మీరు ఎక్కడి నుంచో వచ్చి కూచున్నారు. పేరు లేని చోటు అది. బురద."

"బురదే బాబూ. ఎవరు కాదన్నారు? బురద ఊరికి పేరుండకూడదా?" ఆవిడ చేతులు కట్టుకుంది. "నా మొగుడు తమ యుద్దానికి మట్టి తవ్వేడు. ఎక్కడ తవ్వేడో సెప్తాను, ఇనండి. బూర్‌బూర్. తంపరలో కోట. బ్రూకెర్కు. తంపరలో గుడి. బ్రే. ఉత్త బురద. పాల్యుయెల్లు. ఊబి. పరాసు దేశంలో తెల్లోల్లు బురదలో ఉండి, బురద పేరే ఎట్టుకున్నారు. ఆ బురద ఊల్లు శత్రువు సేతికి పోకూడదని ఇక్కణ్ణించి మా మగోల్లని తీసుకెల్లేరు. ఆల బురద ఊరయ్యి మా బురద ఊరెందుకు కాదు?"

ఆవిడ ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడడం తులసమ్మ ఎన్నడూ చూడలేదు. ఆల్బర్టు ఇంగ్లీషులో చెప్పడానికి ముందే దొర కలం పక్కన పెట్టాడు. ఆ పేర్లకి తర్జుమా అక్కర్లేదు. ఆయన కూడా అక్కడ చలికాలం గడిపినవాడే అని తరువాత తెలిసింది. కానీ ఆయన ముఖం మెత్తబడలేదు, చిరాకుగానే ఉంది.

"ఫ్రాన్సు సంగతి ఇక్కడ పనికిరాదు" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "వీళ్ళు కాక ఇంకెవరైనా ఆ చోటుని పేరు పెట్టి పిలుస్తారా?" అని అడిగాడు.

డా మ్యా ముందుకొచ్చింది. తనది ముప్పై ఏళ్ళుగా అక్కడే గుడిసె అని, ఈ కలామాలు, అంటే ఇండియా ఆడవాళ్ళు, వచ్చాక దాన్ని తంబయా అంటున్నారని, తనూ అదే అంటోందని బర్మాలో చెప్పింది. సర్వేయరు తలెత్తి చిరునవ్వు నవ్వి, చక్కటి పేరని పటం మీద రాయబోయాడు. బర్మా నోట తంపర తంబయా అయింది, బర్మాలో తంబయా అంటే నిమ్మకాయ. నిమ్మతోట అన్నమాట.

వెంకటరాజు వెంటనే అందుకున్నాడు. "బాగుంది బాబూ. నిమ్మతోట అని రాసీండి. తోటంటే ఎవరూ కాపరం లేనట్టే కదా."

దేముడమ్మకి బర్మా మాటలు సంతలో నేర్చినంత వచ్చు. నిమ్మకాయ అన్నది అర్థమయింది. బల్ల దగ్గరికి వెళ్ళి, సర్వేయరు కలం కింద, పటం మీద తన అరచెయ్యి పెట్టింది. కూర మట్టి గోళ్ళల్లో ఉన్న చెయ్యి. బంట్రోతు గదమాయించాడు. ఆవిడ తియ్యలేదు.

"నిమ్మకాయ కాదు. అక్కడ నిమ్మసెట్టు ఒక్కటి నేదు. తంపర. బురద. తంపర అని రాయండి."

"చెయ్యి తియ్యమను" అన్నాడు దొర.

"రాత్తే తీత్తాను."

 సర్వేయరు కలం చివరనున్న సిరా బొట్టు ఆవిడ చూపుడు వేలి మీద పడింది. అప్పుడు దొర కుర్చీలో వెనక్కి వాలి, విసుగ్గా రెండు మాటలన్నాడు. ఆల్బర్టు వాటిని తెలుగులోకి మార్చకుండా సర్వేయరు చెవిలో తంపర అన్న మాట మెల్లగా, అక్షరం అక్షరం, రెండుసార్లు చెప్పాడు. దేముడమ్మ తన చెయ్యి నాలుగంగుళాలు పక్కకి జరిపింది, కలం పట్టేంత మేర. సర్వేయరు రాసేదాకా అక్కడే ఉంచింది.

వెంకటరాజు అర్జీ ఆ పూట పక్కన పెట్టారు. పేరున్న చోటు, మనుషులున్న చోటు కాబట్టి మళ్ళీ విచారించాలన్నారు. విచారణ ఏడాదిన్నర నడిచింది. చివరికి వచ్చింది పూర్తి గెలుపేం కాదు. రైలు కట్ట వైపు సగం నేల రోడ్డుకి పోయింది. మిగతా సగంలో కూరలు పండించుకోవడానికి ఏడాదికోసారి పొడిగించే అనుమతి ఇచ్చారు. రోడ్డుకి పోయిన సగంలో దేముడమ్మ ఆరు మడులూ ఉన్నాయి. కూర్మనాథం పోసిన మడులు. బళ్ళకెత్తిన ఎర్రమట్టి వాటి మీద పోస్తున్న రోజున ఆవిడ మిల్లుకి వెళ్ళలేదు. గట్టు మీద నిలబడి చివరి బండి దాకా చూసింది. ఏడ్చిందో లేదో తులసమ్మ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే, కలుపెక్కిపోయి ఎవరూ లేని ఆ పాత మడుల దగ్గరికి వెళ్ళి, కోక ఎగగట్టి కాలవ తవ్వడం మొదలెట్టింది. అప్పటికి ఆవిడకి ముప్పై దాటాయి. రెండు వానలు పట్టింది, మళ్ళీ నాలుగు మడులు లేచాయి.

పటంలో తంపర అని పడింది గానీ నోళ్ళలో పడడం వేరే పని అయింది. రోడ్డు వచ్చాక బస్సు వచ్చింది, బస్సుతో పాటు కండక్టరు వచ్చాడు. అతను బర్మా కుర్రాడు, ఆ చోటు రాగానే "తంబయా, తంబయా" అని పాటలా అరిచేవాడు. పటంలో దక్కిన పేరు పిలుపులో పోతోందని దేముడమ్మకి అనిపించింది. మొదటి వారం ఊరికే సరిచేసింది. రెండో వారం విసుక్కుంది. మూడో వారం ఒకనాడు, లత నుంచి ఖాళీ తట్టతో తిరిగొస్తూ, బస్సు ఆగినా సీటులోంచి లేవలేదు.

"దిగు, డా దేమూ. తంబయా వచ్చింది" అన్నాడు కండక్టరు బర్మాలో.

"రాలేదు" అంది ఆవిడ, తనూ బర్మాలోనే. "తంబయా అనే చోటు నాకు తెలీదు."

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. వెనక బళ్ళు ఆగాయి. బస్సులో కూచున్న ఒక చైనా వర్తకుడు పంఖా విసురుకోవడం ఆపాడు. కండక్టరు తల గోక్కున్నాడు, అటు చూశాడు, ఇటు చూశాడు. ఆవిడ తట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి తన మడుల వైపు తీరిగ్గా చూస్తోంది.

"తం... పరా" అన్నాడు చివరికి, పెదాలు కష్టపెట్టుకుంటూ.

ఆవిడ లేచి, తట్ట చంకన పెట్టుకుని మెట్టు దగ్గర ఆగింది. "గట్టిగా అను. అందరికీ ఇనబడాలి."

అతను గట్టిగా అన్నాడు.